ఏడో నంబరు హెచ్చరిక

డిసెంబరు పదమూడో తేదీ పొద్దున్నే, ఇంకా కాఫీ అయినా తాగకుండా, జ్ఞానసుందరి మేడ మెట్లు దిగి అక్క గది గుమ్మంలో నిలబడింది. గోడకు బిగించిన చిన్న పెట్టెలో ఎర్రటి అంకె వెలుగుతోంది. ఏడు. దాని కింద తేదీ, పంతొమ్మిది. ఇంకో ఆరు రోజుల్లో అక్క సువార్త మీదికి పెద్ద తుపాను రాబోతోందని ఆ పెట్టె చెబుతోంది. వచ్చేది బయట కాదు, ఆమె మనసులో.

నిజం చెప్పుకోవాలంటే, ఆ అంకె చూడగానే సుందరికి మొదట కలిగింది భయం కాదు, గర్వం. ఆ పెట్టె ఆమె చేసిందే మరి. భయం ఆ తర్వాత నిదానంగా వచ్చింది.

సుందరి విశాఖపట్నం వాతావరణ కేంద్రంలో ఇరవై రెండేళ్ళు తుపాన్ల వెంట పడిన మనిషి. బంగాళాఖాతంలో గాలి ఎక్కడ సుడి తిరుగుతుందో, ఏ తీరాన్ని ఎప్పుడు తాకుతుందో చెప్పడమే ఆమె ఉద్యోగం. అది వదిలేసి కాకినాడ వచ్చి, ఒక చిన్న పరిశోధనశాలలో చేరి, మనుషుల మనసుల వెంట పడిందంటే కారణం అక్కే. తల్లి పోయాక తనను పెంచి చదివించిన అక్క. కాకినాడ జగన్నాథపురంలో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన నర్సమ్మ. ఏడాదిలో పది నెలలు ఇంటినీ వీధినీ ఒంటిచేత్తో నడిపే ఆ మనిషి, నవంబరు చివర మబ్బులు ముసిరి, పొద్దు పొట్టిదై, ఇంటింటా క్రిస్మస్ నక్షత్రాలు వేలాడే వేళకు దీపం వత్తి తగ్గించినట్టు తగ్గిపోయేది.

ఎందుకని అడగనివాళ్ళు లేరు. భర్త ఉన్నాడు, కూతురుంది, మనవలున్నారు, పింఛను వస్తోంది, ఇంకేం లోటని. సువార్త దగ్గర జవాబు లేదు, జవాబు లేకపోవడమే ఆమెను ఇంకా కుంగదీసేది. డాక్టరొక్కడే ఆ ప్రశ్న అడగలేదు. కొందరి ఒంట్లో గడియారం పొద్దును బట్టి నడుస్తుందనీ, పొద్దు కాస్త తగ్గినా అది తడబడుతుందనీ, సరిగ్గా అప్పుడే పండగ వచ్చి నవ్వమని నెత్తిన కూర్చుంటుందనీ చెప్పి మందులు రాశాడు. మందులు చాలావరకు ఆదుకున్నాయి. కానీ మూడేళ్ళ కిందటి డిసెంబరులో ఆమె పూర్తిగా తిండి మానేసి, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఈసారికి గండం గడిచిందన్నాడు డాక్టరు. ఆ 'ఈసారికి' అన్న మాట సుందరి చెవిలో ఉండిపోయింది.

ఆ మాట మీదే పుట్టింది మనోసూచి. మణికట్టుకు కట్టుకునే ఒక బిళ్ళ. నిద్ర, నాడి, ఒంటి వేడి, మాటకీ మాటకీ మధ్య ఎంత ఆగుతున్నారు, రోజుకు ఎన్నిసార్లు గుమ్మం దాటుతున్నారు, ఇవన్నీ అది గమనిస్తుంది. సముద్రంలో గాలిని గమనించినట్టే గమనించి, మనసు ఎప్పుడు ఎంత లోతుకు దిగబోతోందో ఆరు రోజుల ముందే లెక్కగడుతుంది. ఆ లెక్కను జనానికి ఎలా చెప్పాలన్నది సుందరి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లనే పెట్టేసింది. మూడో నంబరంటే ఏమిటో, పదో నంబరంటే ఏమిటో ఆ తీరంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకే మనోసూచి అన్న పేరు ఎవరికీ నోరు తిరగలేదు గానీ, 'నంబరు పెట్టె' మాత్రం రెండు వందల పన్నెండు ఇళ్ళలో పరీక్షకు చేరిపోయింది.

పెట్టెతో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అదీ సుందరి రాసిందే. తుపానొస్తే ఏం చెయ్యాలో ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. తీరం ఖాళీ చేయించాలి. కాబట్టి పుస్తకంలో ఇలా రాసింది. మూడో నంబరుకు ఇంట్లో చప్పుళ్ళు తగ్గించండి, చుట్టాలను రావద్దనండి. ఐదో నంబరుకు పండగ పనులు వాయిదా వెయ్యండి, పిల్లలను వేరే ఇంటికి పంపండి. ఏడో నంబరుకు మనిషిని ప్రశాంతమైన గదిలో విశ్రాంతిగా ఉండనివ్వండి, కనిపెట్టుకుని ఒక్కరుంటే చాలు. డాక్టర్లు ముగ్గురు చదివి బాగుందన్నారు. సూచనలు నూటికి తొంభై ఒక్కటి నిజమయ్యాయి. జనవరి ఒకటి నుంచి జిల్లా అంతటా పెట్టెలు పంచాలని ప్రభుత్వ కమిటీ ఉత్సాహపడుతోంది.

ఇక సొంత ఇంట్లో పుస్తకాన్ని పాటించకపోతే ఎలా? పదమూడో తేదీ సాయంత్రానికల్లా సువార్త కూతురు కృపారాణి పిల్లలను తీసుకుని రాజమండ్రిలో అత్తగారింటికి వెళ్ళిపోయింది. వసారాలో కట్టిన నక్షత్రం దిగిపోయింది. కీర్తనలు పాడుతూ ఇంటింటికీ తిరిగే చర్చి బృందానికి ఈసారి మా ఇంటికి రావొద్దని సుందరే ఫోను చేసి చెప్పింది. బేకరీలో కేకు కాల్పించుకోవడానికి కొన్న మైదా, ఎండుద్రాక్ష అలమరలో మూలకు చేరాయి. సువార్త భర్త దానియేలు, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి, మరో రెండాకులు ఎక్కువే చదివాడు. కుర్చీ కాళ్ళకు గుడ్డలు చుట్టాడు. గోడ గడియారం గంట ఊడదీశాడు. వీధి తలుపు బందులకు నూనె పోసి, ఇరవై ఏళ్ళుగా కిర్రుమంటున్న తలుపు నోరు మూయించాడు. ఇల్లంతా ఆసుపత్రి వార్డులా ప్రశాంతంగా అయిపోయింది. సువార్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

పదిహేనో తేదీన పరిశోధనశాలలో నజీమా ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. నజీమా అక్కడ లెక్కలు చూసే అమ్మాయి. మొహమాటం లేని మనిషి కావడంతో కమిటీ సమావేశాలకు ఆమెను ఎవరూ పిలవరు. ఆ కాగితం ఉప్పాడలో పోలమ్మ అనే మత్స్యకారుల ఆడమనిషి ఇంటిది. దీపావళి నుంచి ఇప్పటికి మూడుసార్లు పెట్టె ఏడో నంబరు చూపించింది. మూడుసార్లూ ఆ రోజు వచ్చేసరికి అసలు కొలత నాలుగు దాటలేదు. సుందరి దాన్ని అంతకుముందే చూసి, బిళ్ళలో లోపమని తేల్చి, లెక్కలోంచి తీసెయ్యమంది. అలా తీసేసిన ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి.

"రెండుసార్లు బిళ్ళ మార్చాం మేడమ్," అంది నజీమా. "కొత్త బిళ్ళ కూడా అలాగే తప్పింది. బిళ్ళలో లేకపోతే ఇంకెక్కడుందో ఒకసారి వెళ్ళి చూద్దాం."

కమిటీకి పంపాల్సిన కాగితాలు కుప్పగా ఉన్నాయి. అయినా సుందరి లేచింది. తప్పిన సూచన ఒకటి ఉందంటే ఆమెకు అన్నం సయించదు, పాత ఉద్యోగపు జబ్బు అది.

ఉప్పాడలో పోలమ్మ ఇల్లు ఒకటే గది, ముందు తాటాకు పంచ. ఆ పంచలో పదిమంది దాకా మనుషులు, మధ్యలో గుట్టగా వల. అందరూ వలచుట్టూ కూర్చుని చిరుగులు అల్లుకుంటున్నారు. వాళ్ళ మధ్య, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, దారం ఉండ పట్టుకుని పోలమ్మ. ఆమె మొహం చూడగానే సుందరి పోల్చుకుంది. అక్క మొహంలో ఉన్నదే ఇక్కడా ఉంది. అంటే పెట్టె అబద్ధం చెప్పలేదు. తుపాను వచ్చింది, కానీ చెప్పినంత బలంగా కొట్టలేదు.

పుస్తకంలో రాసినవి పాటించారా అని సుందరి అడిగింది. పోలమ్మ అత్త నూకాలమ్మ వలమీంచి తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఆ పుస్తకం మాకెవరికీ సదవడం రాదండమ్మా. నంబరైతే తెలుసు. ఏడో నంబరెగిరిందంటే యాటకెళ్ళిన పడవలన్నీ ఒడ్డుకొచ్చేయాల కదండి. అందుకే మావోళ్ళందరికీ ఫోన్లు సేసి రమ్మన్నాం."

వచ్చి ఏం చేశారని అడిగింది సుందరి. ఏం చేస్తామన్నట్టు నూకాలమ్మ ఆమె వంక చూసింది. వలలు బాగు చేసుకున్నారట. పోలమ్మ ఏడిస్తే ఏడవనిచ్చారట, తిననంటే కాసేపాగి మళ్ళీ పెట్టారట. మందు బిళ్ళ మాత్రం వేళకు మింగించారట. నవ్వమని ఎవరూ అడగలేదు. మధ్యలో కూర్చోబెట్టుకున్నారు, అంతే.

సుందరి పోలమ్మ పక్కన కింద కూర్చుని, అంతమంది మధ్య విసుగనిపించలేదా అని మెల్లిగా అడిగింది. పోలమ్మ చేతిలోని దారం ఉండను అటూ ఇటూ తిప్పింది.

"అనిపించిందండి," అంది. "కానీ ఎవుళ్ళదో ఒకళ్ళ మోకాలు నాకు తగుల్తానే ఉందండి."

తిరుగు దారిలో బీచి రోడ్డు పొడుగునా సుందరి ఒడ్డుకు లాగి పెట్టిన పడవలనే చూస్తూ వచ్చింది. ఇరవై రెండేళ్ళు హెచ్చరికలు పంపింది. పంపిన ప్రతిసారీ ఆమె కళ్ళముందు కదిలింది తీరం వదిలి వెళ్ళిపోయే జనమే. అదే హెచ్చరికకు పడవలు ఒడ్డుకు వస్తాయన్నది ఆమెకు తెలియక కాదు. ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం నజీమా మొత్తం రెండు వందల పన్నెండు ఇళ్ళనూ కొత్తగా వరసపెట్టింది, పుస్తకాన్ని ఎవరు ఎంత పాటించారన్న దాన్ని బట్టి. తూచా తప్పకుండా పాటించిన ఇళ్ళలో నంబరు చెప్పినంతా వచ్చింది. అరకొరగా పాటించిన ఇళ్ళలో ఒకటో రెండో తగ్గింది. అసలు పట్టించుకోని ఇళ్ళు తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఏడింటిని బిళ్ళ లోపమని తామే లెక్కలోంచి తీసేశారు.

తొమ్మిది ఇళ్ళతో ఏదీ రుజువు కాదని సుందరికి తెలుసు. అయినా ఆ వరసను పైనుంచి కిందికి మళ్ళీ చదివింది. పిఠాపురంలో ఒక రిటైరైన హెడ్మాస్టరు గుర్తొచ్చాడు. దసరాకు ఆయనకు ఆరో నంబరు వస్తే, ఇంటిల్లిపాదీ పుస్తకంలో ఉన్నట్టే చుట్టాలింటికి వెళ్ళిపోయారు. పెద్దకొడుకు ఒక్కడూ ఉండి, నాలుగు రోజులూ గుమ్మం దగ్గర అన్నం పెట్టాడు. ఐదో రోజు ఆయన్ను ఆసుపత్రికి చేర్చాల్సి వచ్చింది. ఆయన భార్య ఫోను చేసి, మీరు చెప్పింది చెప్పినట్టే జరిగిందండి, మీ యంత్రం గొప్పదండి అని దణ్ణం పెట్టినంత పని చేసింది. ఆ ఫోను మాటలను సుందరి రికార్డు చేయించి మరీ అందరికీ వినిపించింది. ఇప్పుడు అది తలుచుకుంటే ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తాను తుపానును ముందుగా చెప్పలేదు. సగం తుపానును తానే పిలిచింది.

ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి కమిటీ అధ్యక్షుడికి ఫోను చేసింది. జనవరి ఒకటిన పెట్టెలు పంచడానికి వీల్లేదనీ, పుస్తకం తప్పనీ, అది తాను రాసిందేననీ చెప్పింది. ఆయన తొంభై ఒక్క శాతం సంగతేమిటన్నాడు, పై నుంచి వచ్చే మాటలు ఎవరు పడతారన్నాడు, ఇంత జరిగాక మీ పరిశోధనశాల ఉంటుందో లేదో చూసుకోండన్నాడు. సుందరి అన్నీ విని, తేదీ మాత్రం మారాల్సిందేనంది. పరీక్షలో ఉన్న ఇళ్ళన్నింటికీ మర్నాడే ఫోన్లు చెయ్యాలని నజీమాకు పని పురమాయించింది.

"మనుషులు దగ్గర చేరితే మన సూచనలన్నీ తప్పుతాయి మేడమ్," అంది నజీమా. "తప్పే యంత్రాన్ని ఎవరు కొంటారు?"

"తప్పించడానికే కదా ముందుగా చెప్పడం," అంది సుందరి. అని, ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. హాల్లో దానియేలు కాళ్ళకు మేజోళ్ళు తొడుక్కుని పిల్లిలా నడుస్తున్నాడు. ఎవరి మాట నమ్మి ఆ మేజోళ్ళు తొడుక్కున్నాడో సుందరికి తెలుసు. బావను కూడా రమ్మని, అక్క గదిలోకి వెళ్ళి, మంచం పట్టె మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. పుస్తకం గురించి, ఉప్పాడ గురించి, హెడ్మాస్టరు గురించి. సువార్త గోడవైపే తిరిగి వింది. ఆమె నోరు విప్పాక, మాటకీ మాటకీ మధ్య ఎంత ఆగుతోందో బిళ్ళ చెప్పకుండానే తెలిసింది.

"ఆ పెట్టె రాకముందు ఎప్పుడొస్తుందో నాకు తెలిసేది కాదే సుందూ," అంది. "ఇప్పుడు ఆరు రోజుల ముందు నుంచే మొదలవుతోంది. ఆ అంకె వంకే చూస్తూ పడుకుంటున్నాను."

సుందరి తలెత్తి గోడమీది అంకె వంక చూసింది. సువార్త ఇంకా చెబుతూనే ఉంది.

"ఆ తలుపొకటి. కిర్రుమన్నప్పుడల్లా ఎవరో వస్తున్నారని తెలిసేది. ఇప్పుడు మీరు వస్తున్నారో పోతున్నారో కూడా తెలీట్లేదు. నేను పోయాక ఇల్లు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంటున్నాను."

గుమ్మంలో నిలబడిన దానియేలు ఆ మాట విని వెనక్కి తిరిగాడు. మేజోళ్ళు విప్పేసి, బకెట్టులో సబ్బునీళ్ళు కలిపి తలుపు బందులు కడగడం మొదలుపెట్టాడు. నూనె వదిలితే చాలు, మిగతా పని సముద్రపు గాలి చూసుకుంటుందని ఆయన నమ్మకం.

సుందరి లేచి గోడమీది పెట్టెను ఊడదీసింది. రేవులో జెండా ఎగరేసేది సముద్రం చూడ్డానికి కాదు, పడవలు చూడ్డానికి. ఆ పెట్టెను ఇన్నాళ్ళూ ఆమె సముద్రం మొహానే పెట్టింది. ఇకనుంచి నంబరు అక్కకు కనిపించదు. అక్క ఎవరికి చూపించమంటే వాళ్ళకే కనిపిస్తుంది. బిళ్ళ కూడా విప్పెయ్యమంటే విప్పేస్తానంది. ఎవరికి చూపించమంటావని అడిగింది. సువార్త బిళ్ళ ఉండనివ్వమంది. కృపకు చూపించమంది. మీ బావకు. పక్కింటి ఏస్తేరమ్మకు, ఆవిడ ఊరికే వాగినా పరవాలేదంది.

"నన్ను నవ్వమని మాత్రం అడగొద్దు," అంది చివర్లో.

"అడగం. మేం ఇక్కడే కూర్చుంటాం, అంతే."

పంతొమ్మిదో తేదీ వచ్చింది. తెల్లారినప్పటి నుంచీ మబ్బే. కృప పిల్లలతో ముందురోజే దిగిపోయింది. డాక్టరు చెప్పినట్టు పొద్దున ఉన్న కాస్త వెలుగులోనే సువార్తను డాబా మీద అరగంట కూర్చోబెట్టారు. ఆమె దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. పిల్లలు ఆమె చుట్టూ తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకుని ఆడుకున్నారు. ఎవరూ గొంతు తగ్గించలేదు.

పదింటికి మైదా, గుడ్లు, వెన్న, ఎండుద్రాక్ష సంచుల్లో సర్దుకుని బేకరీకి బయల్దేరారు. జగన్నాథపురంలో క్రిస్మస్‌కు ఎవరి కేకు సరుకు వాళ్ళు పట్టుకెళ్ళి, బేకరీ పొయ్యిలో కాల్పించుకోవడం వాడుక. వంతు వచ్చేదాకా బెంచీల మీద కూర్చోవాలి, మన రేకు డబ్బా పక్కవాళ్ళ డబ్బాతో మారిపోకుండా కాపలా కాయాలి. వీధి మలుపులో సువార్త ఆగిపోయింది. ఇంటికి వెళ్ళిపోదామంది. సరేనంది సుందరి, కానీ కాసేపు ఇక్కడే నిలబడదామంది. అందరూ రోడ్డు పక్కన ఊరికే నిలబడ్డారు. పావుగంట తర్వాత సువార్త మళ్ళీ తనంతట తనే నడిచింది.

బేకరీలో బెంచీ మీద ఒకవైపు ఏస్తేరమ్మ, ఇంకోవైపు కృప. ఏస్తేరమ్మ తన మోకాలి నొప్పి నుంచి పాస్టరుగారి పెద్దమ్మాయి సంబంధం దాకా దేన్నీ వదల్లేదు. సువార్త దేనికీ బదులు చెప్పలేదు. ఒకసారి ఏడ్చింది, కృప చెంగు అందించింది. రెండు గంటలు గడిచాయి. పొయ్యి తలుపు తెరిచి డబ్బా బయటికి లాగాక, సువార్త దాని పక్కన అంటించిన చీటీని వంగి చూసి, ఇది మనది కాదు, మనది చివరి వరసలో ఉంది అంది. బేకరీలో అడుగుపెట్టాక ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. సుందరి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం, సుందరి మళ్ళీ ఫోను చేసి పిలిచిన చర్చి బృందం ఇంటి ముందు ఒక్క కీర్తన పాడి వెళ్ళింది. సువార్త మంచం దిగలేదు, కానీ కిటికీ మూయమని అనలేదు. రాత్రి భోజనంలో మూడు ముద్దలు తిని, కేకు ముక్క రేపటికి ఉంచమంది.

మేడ మీద తన గదిలో సుందరి పెట్టె చూసింది. ఈ రోజుకు చెప్పింది ఏడు. కొలిచింది ఐదు. ఇన్నేళ్ళలో ఒక సూచన తప్పినందుకు ఆమె ఇంతగా సంతోషపడింది ఇదే మొదటిసారి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పెట్టెలో రేపటి అంకె ఎనిమిది. ఆ పైన ఇంకా పదకొండు రోజుల డిసెంబరు ఉంది. అక్క బాగుపడిపోలేదు, ఒక రోజు గడిచింది, అంతే. సుందరి ఫోను తీసుకుంది. అక్క చెప్పిన పేర్లన్నింటికీ ఒక్కొక్కరికే ఫోను చేసి, రేపు ఎనిమిది, రండి అని చెప్పింది. ఎవరూ ఎందుకని అడగలేదు. ఏస్తేరమ్మ మాత్రం చిక్కుడుకాయలు తెచ్చుకోనా, అక్కడే ఒలుచుకుంటాను అని అడిగింది.

ఇరవయ్యో తేదీ పొద్దున సుందరి మెట్లు దిగేసరికి అక్క గదిలో చీకటిగానే ఉంది. సువార్త గోడవైపు తిరిగి ఉంది. కాఫీ గ్లాసు ముట్టుకోలేదు. సుందరి మంచం పట్టె మీద తన చోట కూర్చుంది. ఏడున్నర అయింది.

వీధి తలుపు కిర్రుమంది.

గోడవైపు నుంచి, తల తిప్పకుండానే, సువార్త అడిగింది. "ఎవరు వచ్చారే?"